కిటికీ లేని క్లాస్‌రూమ్: స్కూల్ వాళ్లను ఏమని అడగాలి?

కూకట్‌పల్లి_అమ్మ
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. జూన్‌లో స్కూల్ తెరిచాక వాళ్ల సెక్షన్‌ను మూడో అంతస్తులో కొత్తగా చేసిన గదిలోకి మార్చారు. పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు చూశాను. పెద్ద హాల్‌ను జిప్సం బోర్డులతో నాలుగు గదులుగా విడగొట్టారు. అందులో లోపలి రెండిటికి ఒక్క కిటికీ కూడా లేదు. మా అమ్మాయిది వాటిలో ఒకటి. రెండు స్ప్లిట్ ఏసీలు, తెల్లటి ఎల్‌ఈడీ ప్యానెళ్లు, ఒకటే తలుపు. గది శుభ్రంగా ఉంది, లేదని చెప్పను. కానీ కరెంటు పోతే జనరేటర్ అందుకునేదాకా చిమ్మచీకటి. పిల్లలంతా ఒకేసారి కేకలు పెడతారట, వాళ్లకదో సరదా.

మొన్న సాయంత్రం ఇంటికొచ్చి "అమ్మా, రోడ్డంతా నీళ్లున్నాయి, వాన పడిందా?" అని అడిగింది. మధ్యాహ్నం కుండపోత. స్కూల్లోనే ఉంది, దానికి తెలీదు.

మావారేమో "ఏసీ గదిలో కూర్చోబెట్టినా ఏడుపేనా" అంటున్నారు. ఇది నిజంగా పట్టించుకోవాల్సిన విషయమా, నా చాదస్తమా? అడగాలంటే ఏమని అడగాలి?

చురకత్తి
మార్కులు వస్తున్నాయా? వస్తుంటే కిటికీ గురించి ఇక్కడ ఎవరూ అడగరు మేడమ్. మీరే మొదటివారేమో.

బైపీసీ_బాధితుడు
అక్కా, మీది చాదస్తం కాదు. నా ఇంటర్ రెండేళ్లూ ఇలాగే గడిచాయి. కింద క్లాసులు, పైన హాస్టల్, ఒకటే బిల్డింగ్. మాకు కిటికీలున్నాయి కానీ బయటికి చూస్తే డిస్ట్రాక్ట్ అవుతామని అద్దాలకి పెయింట్ కొట్టేశారు. చివరి బెంచీ దగ్గర ఎవరో సీనియర్ గోరుతో గీకి రూపాయి బిళ్లంత కంత చేశాడు. స్టడీ అవర్‌లో ఆ సీటు కోసం కొట్టుకునేవాళ్లం. అందులోంచి కనిపించేది పక్క బిల్డింగ్ మీది వాటర్ ట్యాంకు, అంతే. ట్యాంకు మీద ఎండ ఎంత దిగిందో చూసి టైమ్ చెప్పేవాడు మా ఫ్రెండ్ ఒకడు.

రాత్రి పదకొండింటికి పడుకోమంటే నిద్ర పట్టేది కాదు, పొద్దున ఐదింటికి లేవమంటే కళ్లు తెరుచుకునేవి కావు. అందరికీ అంతే. అప్పట్లో అది పరీక్షల టెన్షన్ అనుకున్నాం.

ఇటుకబట్టీ
ఆర్కిటెక్ట్‌ని. స్కూళ్లు కొన్ని కట్టాను, అపార్ట్‌మెంట్లు చాలా కట్టాను. ఇలాంటి గదులు ఎందుకు పుడతాయో చెబుతాను.

కిటికీలోంచి వచ్చే వెలుతురు గదిలోకి ఎంత దూరం పోతుందన్నది కిటికీ వెడల్పు కంటే దాని పై అంచు ఎంత ఎత్తులో ఉందన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. మేం వాడే లెక్క సుమారుగా ఆ ఎత్తుకు రెండు, రెండున్నర రెట్లు. పై అంచు ఏడడుగుల దగ్గరుంటే పద్నాలుగు నుంచి పదిహేడు అడుగుల దాకా పనికొచ్చే వెలుతురు ఉంటుంది. ఆ తర్వాత లైట్ వేసుకోవాల్సిందే.

ఇప్పుడు పాత జిల్లా పరిషత్ హైస్కూల్ గుర్తు తెచ్చుకోండి. గదులన్నీ ఒకే వరసలో, ముందు వరండా, వెనక కిటికీలు. గది వెడల్పు ఇరవై అడుగుల చిల్లర. రెండు వైపుల నుంచీ వెలుతురు వస్తుంది కాబట్టి మధ్య బెంచీ కూడా చీకట్లో ఉండదు. గాలి ఇటు నుంచి అటు పోతుంది. బోర్డుకి ఎదురుగా కూర్చుంటే ప్రధాన కిటికీలు ఎడమ చేతి వైపు ఉండేలా చూసేవారు, కుడిచేత్తో రాసేవాళ్ల చేతినీడ అక్షరాల మీద పడకూడదని. (ఎడమచేతివాటం పిల్లల్ని ఎవరూ అడగలేదు, అది వేరే కథ.)

కూకట్‌పల్లి_అమ్మగారు చెప్పిన భవనం స్కూల్ కోసం కట్టింది కాదని పందెం. షాపులకో, ఆఫీసులకో అని అరవై, ఎనభై అడుగుల లోతున్న ఫ్లోర్లు వేస్తారు. దాన్ని స్కూల్‌కి అద్దెకిస్తే చుట్టూ ఉన్న గదులకి కిటికీలు దక్కుతాయి, నడుమ పడ్డవాటికి ఏమీ దక్కదు. నడిమధ్య జాగాను స్టోర్‌కో, లిఫ్ట్‌కో వదిలేయాలి. చదరపు అడుగుకి అద్దె కట్టేవాడు వదలడు.

చాక్‌పీసు_మాస్టారు
ప్రకాశం జిల్లా, ప్రభుత్వ బడి. ఇటుకబట్టీ గారు పాత బడుల్ని బాగా చెప్పారు, నాకూ అభిమానమే. కానీ అక్కడ పాఠం చెప్పేవాడిగా ఒక మాట. కిటికీ ఉండటం వేరు, తెరిచి ఉండటం వేరు.

మా ఆరో తరగతి గది పడమటి కిటికీలు మధ్యాహ్నం రెండు దాటాక తెరవలేం. ఎండ నేరుగా బోర్డు మీద పడుతుంది, కుడివైపు కూర్చున్న పిల్లలకు అక్షరం కనపడదు, అందరూ ఎడమ బెంచీల్లోకి జరుగుతారు. వానాకాలంలో జల్లు కొడుతుంది, రెక్కలు ఉబ్బి మూతపడవు. కోతుల బాధ మరీ ఘోరం, మధ్యాహ్న భోజనం వాసనకి ఊచల్లోంచి చేతులు పెడతాయి. ఇన్ని ఉన్నాక ఏ టీచరైనా చేసే పని ఒకటే, కిటికీలు మూసి ట్యూబ్‌లైట్ వేయడం. నాడు-నేడులో లైట్లు, ఫ్యాన్లు, కొత్త బోర్డులు వచ్చాయి, సంతోషమే. కిటికీ మీద ఎండావానా ఆపే సరైన చజ్జా వేయించుకోవడానికి మాత్రం మా కమిటీలో నేను చాలా వాదించాల్సి వచ్చింది. రంగు కనపడుతుంది, చజ్జా కనపడదు.

1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చినప్పుడు ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఒక వరండా అన్నారు. ఆ వరండాను ఊరికే పెట్టలేదు. నేను చెప్పే పాఠాల్లో సగం అక్కడే నడుస్తాయి.

ప్రామాణిక_విచలనం
ఈ చర్చ ఎక్కడ జరిగినా ఎవరో ఒకరు "సూర్యకాంతి ఉంటే మార్కులు 20 శాతం పెరుగుతాయి" అని తెస్తారు. అది రాకముందే నేనే తెస్తాను, ఎందుకంటే సగమే చెబుతారు.

1999లో అమెరికాలో హెషాంగ్ మహోన్ అనే సంస్థ మూడు జిల్లాల స్కూళ్ల మీద అధ్యయనం చేసింది. కాలిఫోర్నియాలోని కాపిస్ట్రానోలో పగటి వెలుతురు బాగా ఉన్న గదుల పిల్లలు ఏడాదిలో లెక్కల్లో 20 శాతం, చదవడంలో 26 శాతం వేగంగా ముందుకెళ్లారని తేలింది. ప్రపంచమంతా దాన్నే చెప్పుకుంది. అదే సంస్థ 2003లో ఫ్రెస్నోలో మళ్లీ చూస్తే ఆ సంబంధం అలా తేలలేదు. అక్కడ తేడా చూపించినవి వేరే: కిటికీలోంచి బయట మంచి దృశ్యం కనిపిస్తే మేలు, కళ్లలో కొట్టే వెలుతురు, టీచర్ అదుపు చేసుకోలేని కిటికీ ఉంటే నష్టం. చాక్‌పీసు మాస్టారి పడమటి కిటికీ అన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్తే 1965లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక బడిలో కిటికీలు తీసేసి చూశారు. పిల్లల చదువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. టీచర్లకైతే చార్టులు అంటించుకోవడానికి గోడ దొరికిందని నచ్చింది కూడా.

కాబట్టి కూకట్‌పల్లి_అమ్మగారూ, మార్కుల వాదనతో మాత్రం వెళ్లకండి. ప్రిన్సిపాల్ టాపర్ల జాబితా తీసి మీ ముందు పెడతారు, సంభాషణ అక్కడితో అయిపోతుంది.

చురకత్తి
అంటే నేను మొదట్లో చెప్పిందే కదా :)

ప్రామాణిక_విచలనం
కాదు. మార్కులు తగ్గలేదంటే పిల్లలకు ఏమీ కాలేదని కాదు. 1992లో స్వీడన్‌లో క్యుల్లర్, లిండ్‌స్టెన్ అనే ఇద్దరు ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లల్ని ఏడాది పొడుగునా గమనించారు. కొందరు కిటికీలున్న గదుల్లో, కొందరు లేని గదుల్లో. ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ కాలాన్ని బట్టి పెరిగి తగ్గే తీరు కిటికీలు లేని గదిలో దారితప్పిందని, దాని ప్రభావం పిల్లల ఏకాగ్రత మీద, తోటివారితో మెలిగే తీరు మీద ఉండొచ్చని రాశారు. శాశ్వతంగా వాడే తరగతి గదులు కిటికీలు లేకుండా కట్టొద్దన్నది వాళ్ల మాట. అది ఉత్తర దేశం, చలికాలంలో పగలే తక్కువ. మనకి అచ్చంగా వర్తిస్తుందని నేననను. కానీ పొద్దున చీకట్లో బస్సెక్కి, పగలంతా ట్యూబ్‌లైట్ల కింద ఉండి, సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక చీకట్లో బయటికొచ్చే మన ఇంటర్ పిల్లాడికి స్వీడన్ చలికాలానికీ తేడా ఎంత? బైపీసీ_బాధితుడి నిద్ర సంగతి నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

నీలికళ్లజోడు
ఆప్టోమెట్రిస్ట్‌ని, గుంటూరు. కళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి.

మసక వెలుతురులో చదివితే కళ్లు పాడైపోతాయని మన పెద్దలంటారు. అలసిపోతాయి, తలనొప్పి వస్తుంది, అంతవరకు నిజం. దూరపు చూపు తగ్గడం (మయోపియా) మాత్రం వేరే లెక్క. పిల్లలు ఆరుబయట ఎంతసేపు ఉంటున్నారన్నది అక్కడ ముఖ్యం. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల బయటి పీరియడ్ అదనంగా పెట్టి మూడేళ్లు చూశారు. ఆ బడుల్లో కొత్తగా మయోపియా వచ్చినవాళ్లు 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. 2015లో వచ్చింది. తైవాన్ 2010 నుంచి రోజుకు 120 నిమిషాలు బయట ఉంచాలని బడుల్లో కార్యక్రమమే పెట్టింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు, కిటికీ పక్క బల్ల మీద కొన్ని వందల లక్స్ ఉంటాయి. మన ఊళ్లో మబ్బు పట్టిన రోజు గ్రౌండ్‌లో కూడా పది వేల దాకా ఉంటాయి. అంచేత కిటికీ పెట్టించి, గేమ్స్ పీరియడ్‌లో మ్యాథ్స్ చెప్పించుకుంటే కళ్లకు ఒరిగేది తక్కువ. మీ అమ్మాయి స్కూల్‌కి గ్రౌండ్ ఉందా?

కూకట్‌పల్లి_అమ్మ
సెల్లార్‌లో టేబుల్ టెన్నిస్ బల్ల ఉందండి. దాన్నే స్పోర్ట్స్ అంటున్నారు.

నీలికళ్లజోడు
అయితే మీ ఫిర్యాదులో అది మొదటి వాక్యం కావాలి.

మెస్కీట్_మామ
డాలస్ నుంచి. అమెరికా ఈ ప్రయోగం ఎప్పుడో చేసి చేతులు కాల్చుకుంది. ఏసీలు చవకయ్యాక, 1973 చమురు సంక్షోభం వచ్చాక, అద్దాల్లోంచి చల్లదనం పోతోందని కిటికీల్లేకుండానో, సన్నటి చీలికల్లాంటి కిటికీలతోనో బోలెడు స్కూళ్లు కట్టారు. వాటిలో కొన్ని ఇంకా నడుస్తున్నాయి. అంతకుముందే 1962లో న్యూమెక్సికోలోని ఆర్టీషియాలో ఏకంగా భూమి లోపల అబో ఎలిమెంటరీ అని ఒక బడి కట్టారు. అణుబాంబు పడితే ఊరివాళ్లు తలదాచుకోవడానికి కూడా పనికొస్తుందని. పైకప్పే ఆటస్థలం. 1995 దాకా పిల్లలు అందులోనే చదివారు. అక్కడ కనీసం అణుబాంబు భయమని ఒక కారణం చెప్పారు. మనవాళ్ల కారణం చదరపు అడుగు అద్దె.

కరస్పాండెంట్
నాది చిన్న స్కూల్, జిల్లా కేంద్రంలో. అందరూ యాజమాన్యాన్ని వాయించేస్తున్నారు కాబట్టి ఇటు వైపు కూడా వినండి.

అడ్మిషన్ల సీజన్‌లో వచ్చే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. ఏసీ ఉందా, సీసీ కెమెరాలున్నాయా, డిజిటల్ బోర్డు ఉందా, ఐఐటీ ఫౌండేషన్ ఉందా. కిటికీలెన్ని అని అడిగినవాళ్లను నేను చూడలేదు. మాకు వేప చెట్టున్న పాత పెంకుటింటి బ్లాక్ ఉంది, గదులు ఎంత హాయిగా ఉంటాయో. "ఆ పాత బిల్డింగ్‌లో వద్దండీ, మెయిన్ బ్లాక్‌లో వేయండి" అని రికమెండేషన్లు తెస్తారు. మార్చి వచ్చి ఒంటిపూట బడులు మొదలయ్యేలోపే ఎండ మాడ్చేస్తుంది, ఏసీ లేదంటే పక్క స్కూల్‌కి పోతారు. సొంత స్థలం, గ్రౌండ్, ఒకే వరస గదులు అంటే ఊరి మధ్యలో ఎవరి వల్లా కాదు. ఊరి బయట కడితే బస్సు ఫీజు మీరు కడతారా?

ఇటుకబట్టీ
కరస్పాండెంట్ గారూ, పేరెంట్స్ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఏసీ గది అంటే గాలి వచ్చే గది అని వాళ్లు అనుకుంటున్నారు, ఆ భ్రమను మీరెవరూ తీర్చరు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది.

చిన్న లెక్క వేస్తాను. సీబీఎస్‌ఈ చెప్పే కనీస గది 500 చదరపు అడుగులు. పదడుగుల ఎత్తు వేసుకుంటే దాదాపు 140 ఘనపు మీటర్ల గాలి. 40 మంది పిల్లలు గంటకు ఐదారు వందల లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. తలుపు మూసి ఉంటే సుమారు పది నిమిషాల్లోనే మోతాదు వెయ్యి పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వెయ్యి పాళ్లు) దాటిపోతుంది. బయట ఉండేది నాలుగు వందల పైచిలుకు. మూడో పీరియడ్‌లో పిల్లలు ఆవులిస్తుంటే సోషల్ టీచర్‌ను తిట్టకండి.

చట్టం సంగతి ఎవరో అడిగేలోపే చెబుతాను. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం వేడి, పొడి ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో కనీసం పదో వంతు, ఉక్క ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఆరో వంతు కిటికీలుండాలి. 500 అడుగుల గదికి పదో వంతంటే 50, ఆరో వంతంటే 83 చదరపు అడుగులు. కానీ అది వీలుకాని చోట కృత్రిమ వెలుతురు, యంత్రాలతో గాలి ఇవ్వొచ్చన్న వెసులుబాటు కూడా ఉంది. మనవాళ్లు మొదటిది చేస్తారు, రెండోది ఎగ్గొడతారు. కిటికీ తీసేసినవాడు బయటి గాలిని ఫ్యాన్, డక్ట్ పెట్టి లోపలికి తేవాలి. దాని గురించి అడగండి.

కరస్పాండెంట్
ఫ్రెష్ ఎయిర్ ఫ్యాన్ ఖర్చు నేను ఒప్పుకుంటాను, అది భరించలేనిదేం కాదు. మా కంప్యూటర్ ల్యాబ్‌లో పెట్టించాం.

నూటొకటి
ఫైర్ సర్వీసులో పనిచేసి రిటైరయ్యాను. మీరంతా వెలుతురు, గాలి, మార్కులు మాట్లాడుతున్నారు. నాకు మొదటి పోస్టులో కనపడింది ఒక్కటే. జిప్సం బోర్డు గదులు, మూడో అంతస్తు, ఒకటే తలుపు, కరెంటు పోతే చీకటి.

2004 జులై 16న కుంభకోణంలో 94 మంది పిల్లలు పోయారు. వంటింట్లో రేగిన మంట పై అంతస్తు తాటాకు కప్పుకి అంటుకుంది, దిగే దారి ఇరుకు. 2019 మే 24న సూరత్‌లో కోచింగ్ సెంటర్‌లో 22 మంది పోయారు. పై అంతస్తు నుంచి పిల్లలు దూకడం దేశమంతా టీవీల్లో చూసింది. 2024 జులైలో ఢిల్లీ రాజేంద్రనగర్‌లో బేస్‌మెంట్ లైబ్రరీలోకి వరద నీళ్లొచ్చి సివిల్స్‌కి చదువుతున్న ముగ్గురు చనిపోయారు. స్టోరేజీకని అనుమతి తీసుకున్న చోట పిల్లల్ని కూర్చోబెట్టారు. ఈ మూడూ వేర్వేరు ప్రమాదాలు, కానీ మూడు చోట్లా ఆ జాగా పిల్లల్ని కూర్చోబెట్టడానికి తగింది కాదు.

పొగ వస్తే కిటికీ చేసే పని మూడు రకాలు. పొగ బయటికి పోతుంది, పిల్లలు కేక వేస్తే బయటికి వినపడుతుంది, నిచ్చెన వేస్తే మేం లోపలికి రాగలం. బిగించేసిన అద్దం, తెరుచుకోని ఇనప గ్రిల్ ఉంటే ఆ మూడూ పోతాయి, దాన్ని నేను కిటికీ అనను. అమ్మా, మీరు వెలుతురు గురించి తర్వాత అడగండి. ముందు ఆ గదికి రెండో తలుపు, ఎమర్జెన్సీ లైటు, మెట్లకి దూరం అడగండి. ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం, కాపీ చూపించమనండి. చూపించడానికి ఇబ్బంది పడితే మీకు సమాధానం దొరికినట్టే.

బైపీసీ_బాధితుడు
మా హాస్టల్ గ్రిల్‌కి తాళం ఉండేది సార్. తాళంచెవి వార్డెన్ దగ్గర. వార్డెన్ కింద ఫ్లోర్‌లో పడుకునేవాడు.

నూటొకటి
ఇలాంటివి చూసి చూసే నాకు బీపీ వచ్చింది బాబూ.

కూకట్‌పల్లి_అమ్మ
అందరికీ చాలా థ్యాంక్స్. ఈ థ్రెడ్ మావారికి చదివించాను. నూటొకటి గారి పోస్టు దగ్గర ఆగిపోయారు, మిగతాది చదవలేదు, "ఎప్పుడు వెళ్దాం" అన్నారు. గోడ పగలగొట్టి కిటికీ పెట్టమంటే ఎలాగూ పెట్టరు కదా. వాళ్ల వల్ల అయ్యేవి ఏం అడగొచ్చు?

ఇటుకబట్టీ
పార్టిషన్ పైన రెండు, మూడడుగుల మేర జిప్సం తీసేసి అద్దం పెట్టమనండి. బయటి గదుల వెలుతురు కొంత లోపలికి వస్తుంది. తక్కువే, కానీ కరెంటు పోతే చిమ్మచీకటి ఉండదు. బయటి గాలి ఫ్యాన్ సంగతి చెప్పాను. ఒకే సెక్షన్‌ను ఏడాదంతా లోపలి గదిలో ఉంచకుండా నెలకోసారి మార్చమనండి. లోపలి గదుల్ని ల్యాబ్‌కో, వీడియోలు చూపించే ఏవీ రూమ్‌కో వాడితే మరీ మంచిది, గంటసేపు ఉండి వచ్చేస్తారు. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ ఉంటుంది, కచ్చితం కాదు కానీ అంచనాకి పనికొస్తుంది. మూల బల్ల మీద సుమారు 300 ఉండాలి. లైట్లు కొత్తవి కాబట్టి మీ గదిలో అది ఉండే ఉంటుంది, దాని మీద టైమ్ వేస్ట్ చేయకండి.

చాక్‌పీసు_మాస్టారు
ఒక్కరే వెళ్లకండమ్మా. నలుగురైదుగురు వెళ్లండి. క్లాస్ టీచర్‌తో ముందు మాట్లాడండి, ఆవిడ కూడా రోజంతా ఆ గదుల్లోనే ఉంటోంది కదా, మీ పక్షమే మాట్లాడుతుంది. పైకి చెప్పలేకపోవచ్చు.

కూకట్‌పల్లి_అమ్మ
వెళ్లొచ్చాం. ఆరుగురు పేరెంట్స్. మాస్టారు చెప్పినట్టే క్లాస్ టీచర్ ముందే "తలనొప్పి అని రోజూ ఎవరో ఒకరు సిక్ రూమ్‌కి వెళ్తున్నారు" అని చెప్పింది, తన పేరు రానివ్వొద్దంది.

ప్రిన్సిపాల్ మర్యాదగానే విన్నారు. సెక్షన్లను నెలకోసారి మారుస్తామన్నారు. పార్టిషన్ పైన అద్దం దసరా సెలవుల్లో పెట్టిస్తామన్నారు. ఫ్యాన్‌కి కొటేషన్ తెప్పిస్తారట. వారానికి రెండు రోజులు దగ్గర్లోని పార్కుకి తీసుకెళ్తామన్నారు, దానికి పేరెంట్స్ సంతకాలు కావాలట.

అయితే ఒకటి అక్కడికి వెళ్లాకే గమనించాం. కిటికీలున్న బయటి రెండు గదులు కూడా పగలే మసకగా ఉన్నాయి. ఎందుకంటే భవనం ముందు వైపు మొత్తం ర్యాంకర్ల ఫొటోలతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు, కిటికీల మీదుగా. లోపల నుంచి చూస్తే అద్దం నిండా ఎవరిదో గడ్డం, తిరగబడ్డ అంకె కనిపిస్తున్నాయి. అది తీయించండి అంటే మాత్రం ప్రిన్సిపాల్ "అది నా చేతిలో లేదండీ, హెడ్ ఆఫీస్‌ను అడగాలి" అన్నారు.

చురకత్తి
గోడ పగలగొట్టడం తేలిక, ఫ్లెక్సీ దించడం కష్టం.

కరస్పాండెంట్
ఫ్లెక్సీని రెండు కిటికీల వరసల మధ్య గోడ మీదికి మార్చొచ్చు, సైజు తగ్గుతుందంతే. మేం అలాగే చేశాం. అడగండి.

నూటొకటి
సూరత్‌లో మంట పెరగడానికి ఫ్లెక్సీలూ ఒక కారణమేనని హెడ్ ఆఫీస్‌కి రాయండి. ఇంతకీ రెండో తలుపు గురించి ఏమన్నారు? ఎన్‌ఓసీ చూపించారా?

కూకట్‌పల్లి_అమ్మ
రెండో తలుపుకి "ఆలోచిస్తాం" అన్నారండి. ఎన్‌ఓసీ ఫైల్ బ్రాంచ్‌లో ఉండదట.

నూటొకటి
ఉండాలి. మిగతావన్నీ ఇచ్చి ఇది దాటేస్తున్నారు. ఆరుగురూ కలిసి మెయిల్ పెట్టండి, తలుపు ఎప్పటిలోగా పెడతారో తేదీ రాయమనండి, ఎన్‌ఓసీ కాపీ అడగండి. నోటిమాట వద్దు.

కూకట్‌పల్లి_అమ్మ
సరేనండి. ఈ రాత్రికి మెయిల్ రాసి ఇక్కడ పెడతాను. పంపేముందు మీరు, ఇటుకబట్టీ గారు ఒకసారి చూస్తారా?

ఇటుకబట్టీ
పెట్టండి. ఆ ఫ్లోర్ ప్లాన్ కూడా చేత్తో గీసి, మెట్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టి ఫొటో పెట్టండి.